కిటికీ ముందు నాన్న కాదు, మీరు నిలబడండి

అడ్మిషన్ల రోజుల్లో మా ఆఫీసు కిటికీ దగ్గర రోజుకి పదిసార్లు జరిగే తంతు ఇది. నాన్న ముందు నిలబడతాడు, అబ్బాయి వెనకాల. "నీ పేరేంటమ్మా?" అని అబ్బాయిని అడుగుతాను. నాన్న చెబుతాడు. "ఏ బ్రాంచి వచ్చింది?" అదీ నాన్నే. "టెన్త్ హాల్‌టికెట్ నంబరు చెప్పు" అంటే అబ్బాయి నాన్న మొహం చూస్తాడు. నాన్న ఇంటికి ఫోన్ చేసి వాళ్ళావిడని బీరువా తీయమంటాడు. ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 బిట్లు పెట్టి వచ్చిన పిల్లాడికి తన పేరు తాను చెప్పుకోవడం ఇబ్బంది. అమ్మాయిలు కాస్త నయం. పేరు వరకూ చెబుతారు.

నేను గోదావరి వైపు, కాకినాడ జేఎన్‌టీయూ కింద ఉన్న ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. మొదట ఏడేళ్ళు అడ్మిషన్ల సీటు, ఆ తర్వాత నుంచి పరీక్షల విభాగం. పాఠాలు చెప్పే మనిషిని కాదు. కాకపోతే లెక్కలు రాక ఏడ్చిన పిల్లలకన్నా, తేదీ దాటిపోయి, కాగితం దొరక్క, అడగడానికి మొహమాటపడి ఏడ్చిన పిల్లల్నే ఎక్కువ చూశాను. ఇంటర్ పరీక్షలు రాసేసి ర్యాంకు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఏ బ్రాంచి మంచిది, దేనికి ప్యాకేజీలు వస్తాయి అన్నది చెప్పడానికి మీ వీధిలోనే చాలామంది ఉంటారు. ఆ జోలికి నేను పోను.

మీలో చాలామంది రెండేళ్ళు రెసిడెన్షియల్ కాలేజీలో ఉండి వచ్చినవాళ్ళు. లేవడానికి బెల్లు, స్టడీ అవర్‌కి బెల్లు, తిండికి బెల్లు, పడుకోవడానికి బెల్లు. ఇక్కడ కూడా బెల్లు మోగుతుంది. మోగాక మీరు క్లాసులో ఉన్నారా, క్యాంటీన్‌లో ఉన్నారా అని మాత్రం ఎవరూ వెతుక్కుంటూ రారు. హాజరు పట్టీలో ఒక 'ఏ' పడుతుంది, అంతే. ఆ 'ఏ' సంగతి తర్వాత చెబుతాను. ముందు కాగితాలు.

బీరువాలోంచి ఫైలు బయటికి తీయండి

టెన్త్ మెమో తీసి పక్కన పెట్టుకోండి. మీ పేరు, ఇంటిపేరు, నాన్న పేరు, పుట్టిన తేదీ అందులో ఎలా ఉంటే జీవితాంతం అలాగే నడుస్తాయి. ఇంటర్ మెమో, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ తెచ్చి ఒక్కో అక్షరం సరిచూడండి. మెమోలో 'వెంకట సాయి', ఆధార్‌లో 'సాయి వెంకట' అయితే మీ అమ్మకి ఇద్దరూ ఒకటే. కంప్యూటర్‌కి ఇద్దరు మనుషులు. ఇంగ్లిషు స్పెల్లింగులో ఒక 'హెచ్' ఎక్కువైనా స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆగిపోతుంది. సరిచేయాల్సి వస్తే ఆధార్‌నే మెమోకి తగ్గట్టు మార్పించుకోండి. అది తేలిక. అలాగని రెండు మూడుసార్లు ప్రయత్నిద్దాంలే అనుకోవద్దు. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. ఆధార్ సెంటర్ కుర్రాడు టైపు చేశాక రసీదు చేతిలో పెట్టుకుని, అక్కడే నిలబడి చదవండి.

తర్వాత స్టడీ సర్టిఫికెట్లు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఎక్కడెక్కడ చదివారో అన్నీ కావాలి. లోకల్ అభ్యర్థా కాదా అన్నది వాటిని బట్టే తేలుస్తారు. మూడు స్కూళ్ళు మారినవాళ్ళు మూడు చోట్లకీ తిరగాలి. ఆ పని కౌన్సెలింగ్ వారంలో పెట్టుకుంటే హెడ్‌మాస్టరు గారు ఊళ్ళో ఉండరు. ఇది నా అనుభవంలో సూత్రం లాంటిది. కులం, ఆదాయం సర్టిఫికెట్లకి మీ ఊరి సచివాలయంలో ఇప్పుడే దరఖాస్తు పెట్టండి, తెలంగాణలో అయితే మీసేవలో. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడినవాళ్ళ కోటా) వాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ సర్టిఫికెట్ ఆర్థిక సంవత్సరం వరకే చెల్లుతుంది. మార్చిలో తీసుకున్నది జూన్‌కి పాతదైపోతుంది.

బ్యాంకు ఖాతా మీ పేరున ఉండాలి, ఆధార్‌తో కలిసి ఉండాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఖాతాకి ఆధార్ ఇచ్చినంత మాత్రాన ప్రభుత్వం డబ్బు అందులో పడదు. ఎన్‌పీసీఐ మ్యాపింగ్ అని ఒకటి చేయించాలి, అంటే మీ ఆధార్ మీద వచ్చే ప్రభుత్వం డబ్బు ఈ ఖాతాలోనే పడాలని నమోదు చేయించడం. బ్యాంకులో ఆ మాటే వాడి అడగండి. "ఆధార్ లింకు అయిందా అండీ?" అంటే "అయింది" అనేసి పంపించేస్తారు.

అన్నీ చేరాక స్కాన్ చేసి పీడీఎఫ్‌లుగా పెట్టుకోండి. ఫైలు పేరు 'టెన్త్ మెమో' అని ఉండాలి, 'స్కాన్ 0047' అని కాదు. మీ ఫోన్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి. అక్క ఫోన్‌లో ఉంటే ఉన్నట్టు కాదు. అక్కకి పెళ్ళయి వైజాగ్ వెళ్ళిపోతుంది.

ఒరిజినల్స్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఇది మా ఇంట్లోనే జరిగింది. మా మేనల్లుడు మే నెలలో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఫీజు కట్టి చేరాడు. సర్టిఫికెట్లన్నీ ఇచ్చేశాడు, రసీదు అడగలేదు. తర్వాత కౌన్సెలింగ్‌లో ఇంటికి దగ్గర్లో సీటొచ్చింది. సర్టిఫికెట్లు ఇమ్మంటే, రెండో ఏడాది ఫీజు కూడా కడితే గానీ ఇవ్వమన్నారు. అన్నయ్య రెండుసార్లు బస్సెక్కి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడి వచ్చాడు. మూడోసారి నేను ఒక ఉత్తరం రాయించి పంపాను. యూజీసీ 2018 అక్టోబరులో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఒరిజినల్స్ సరిచూసి తిరిగివ్వాలి, దగ్గర పెట్టుకోకూడదు. అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులో ఇంకా ముందో సీటు వదులుకుంటే, కాస్త ప్రాసెసింగ్ ఖర్చు పోను ఫీజు మొత్తం తిరిగివ్వాలి. 15 రోజుల లోపైతే 90 శాతం, చివరి తేదీ దాటి 15 రోజుల వరకూ 80, 16 నుంచి 30 రోజుల వరకూ 50, అది కూడా దాటితే ఏమీ రాదు. ఇవన్నీ ఆ ఉత్తరంలో పెట్టి, కాపీ మీద ఆఫీసు స్టాంపు వేయించుకోమన్నాను. స్టాంపు వేయడానికి గంటసేపు వాదించి, చివరికి స్టాంపుకి బదులు సర్టిఫికెట్లే ఇచ్చేశారు.

కాబట్టి ఏ కాలేజీలో ఏ కాగితం ఇచ్చినా, ఏమేమి ఇచ్చారో జాబితా రాసి సంతకం, స్టాంపు తీసుకోండి. టీసీ ఒక్కటి కాలేజీ దగ్గరే ఉంటుంది, అది మామూలే. ఇది రాస్తున్న నేనూ ఒక కాలేజీ ఆఫీసు మనిషినే. మాకు ఈ అలవాటు ఉన్న పిల్లలంటే విసుగు. అయినా చెబుతున్నాను, తీసుకోండి.

ఆ పది అక్షరాలు

చేరిన కొన్నాళ్ళకి మీకొక హాల్‌టికెట్ నంబరు వస్తుంది. జేఎన్‌టీయూలలో పది అక్షరాలు. మొదటి రెండూ చేరిన ఏడాది, తర్వాతి రెండూ కాలేజీ కోడ్. ఆపైన '1ఏ' ఉంటే రెగ్యులర్, '5ఏ' ఉంటే డిప్లొమా చేసి నేరుగా రెండో ఏడాదిలో చేరినవాళ్ళు. తర్వాత బ్రాంచి: సివిల్ 01, ఈఈఈ 02, మెకానికల్ 03, ఈసీఈ 04, సీఎస్‌ఈ 05. చివరి రెండూ మీ వరస. 99 దాటాక ఏం చేస్తారని అందరూ అడుగుతారు. వందో మనిషికి 'ఏ0' ఇస్తారు.

ఆఫీసులో మీ పేరు పనికిరాదు. సాయి అని పిలిస్తే పదకొండు మంది తల తిప్పుతారు. నంబరు మొత్తం నోటికి రావాలి. "లాస్ట్ 42 మేడం" అంటే నాలుగు బ్రాంచిల్లో నలుగురు 42లు ఉన్నారు నాయనా.

ఇరవై రెండు రోజులు

ఇప్పుడు ఆ 'ఏ' సంగతి. హాజరు 75 శాతం ఉండాలని అందరికీ తెలుసు. అన్ని సబ్జెక్టులూ కలిపి చూస్తారు. 75కి తగ్గి 65 దాకా ఉంటే, వైద్య కారణం చూపించి, ఫీజు కట్టి, కండొనేషన్, అంటే ఆ తగ్గిన హాజరుకి మాఫీ, అడుక్కోవచ్చు. 65కి తగ్గితే డిటెయిన్. ఆ సెమిస్టర్ మళ్ళీ జూనియర్లతో కూర్చుని చదవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి కూడా హాజరు చూస్తారు.

సెమిస్టర్‌కి దాదాపు 90 పనిరోజులు అనుకోండి. పావు వంతు అంటే 22 రోజులు. చాలా ఉన్నాయనిపిస్తుంది కదా. మా కోనసీమ పిల్లాడి లెక్క చెబుతాను. సంక్రాంతికి రెండు రోజులు ముందు వెళ్ళి మూడు రోజులు ఆలస్యంగా వచ్చాడు, 5. మేనమామ పెళ్ళికి 4. జ్వరం 6. క్లాసంతా కలిసి మాస్ బంక్ 4. మొత్తం 19. ఇంకా మూడే మిగిలాయి. ఈ లెక్క అతను నవంబరులో వేసుకుని ఉంటే బంకులు మానేసేవాడు. జనవరిలో నా కిటికీ దగ్గర నిలబడి వేశాడు.

అందుకని 22 రోజుల్ని జేబుఖర్చులా చూసుకోండి. ఫోన్‌లో ఒక నోట్ పెట్టి ఒక్కో రోజూ కొట్టేస్తూ పోండి. జ్వరం వస్తే తగ్గాక కాదు, వచ్చిన రోజే డాక్టర్ చీటీ, మందుల బిల్లు దాచండి. తగ్గాక తెచ్చే మెడికల్ సర్టిఫికెట్ ఎలాంటిదో మాకు తెలుస్తుంది.

మార్కుల లెక్క కూడా మొదటి వారంలోనే తెలుసుకోవాలి. మా యూనివర్సిటీలో 2023 నుంచి నడుస్తున్న ఆర్23 రెగ్యులేషన్‌లో (రెగ్యులేషన్ అంటే ఆ బ్యాచ్‌కి వర్తించే నిబంధనలు) థియరీ సబ్జెక్టుకి ఇంటర్నల్ 30, చివరి పరీక్ష 70. హైదరాబాద్ జేఎన్‌టీయూ ఆర్22లో 40, 60. ఆ ఇంటర్నల్ కోసం మాకు సెమిస్టర్ మధ్యలో పెట్టే మిడ్ పరీక్షలు రెండు. రెండింట్లో బాగా వచ్చినదానిలో 80 శాతం, రెండోదానిలో 20 శాతం కలుపుతారు. మొదటి మిడ్‌లో 24, రెండో మిడ్‌లో 16 వస్తే 19.2కి 3.2 కలిపి 22.4. ఒక మిడ్ పాడైనా కొంప మునగదు. రెండోది ఉందిలే అని మొదటిదాన్ని గాలికొదిలేస్తే మాత్రం మునుగుతుంది, ఎందుకంటే ఆ రెండోదాని రోజునే జ్వరం వస్తుంది.

పాసవ్వాలంటే చివరి పరీక్షలో 35 శాతం రావాలి, అన్నీ కలిపి 40 రావాలి. ఇంటర్నల్‌లో 12 వస్తే చివరిదానిలో 28 తెచ్చుకోవాలి. ఇంటర్నల్ 25 ఉన్నా చివరిదానిలో 25 తప్పదు. "మేడం, టోటల్ 46 వచ్చింది, అయినా ఫెయిల్ అంటున్నారు" అని ప్రతి సెమిస్టర్‌కీ ఎవరో ఒకరు వస్తారు. ఈ సంగతి రాసి ఉన్న రెగ్యులేషన్ పుస్తకం యూనివర్సిటీ సైటులో ఊరికే దొరుకుతుంది. మీరు చేరే ఏడాదికి కొత్త రెగ్యులేషన్ వస్తే అంకెలు మారతాయి కాబట్టి మీ బ్యాచ్‌దే చూడండి. హాజరు, మార్కులు, ప్రమోషన్ గురించిన పేజీలు చదివితే చాలు. నాలుగేళ్ళలో దాన్ని తెరిచి చూసినవాళ్ళు నాకు చాలా తక్కువమంది తగిలారు.

పరీక్ష ఫీజు నోటీసులు కూడా ఇంతే. చివరి తేదీ ఒకటి, ఆపైన ఫైన్‌తో ఒకటి, పెద్ద ఫైన్‌తో మరొకటి. వాట్సాప్ గ్రూపులో సీఆర్ (క్లాసు లీడర్) పెట్టిన నోటీసు గుడ్ మార్నింగ్ బొమ్మల కింద పడిపోతుంది. వారానికోసారి నోటీసు బోర్డు ముందు రెండు నిమిషాలు నిలబడండి. అక్కడ పెద్దగా రద్దీ ఉండదు.

ఉత్తరం రాయడం

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే అంటాను. మా లెక్చరర్లు ఒప్పుకోరు, వాళ్ళిష్టం.

కాలేజీలో నోటితో అడిగితే పని కాదు. సెలవుకి ఉత్తరం, బోనఫైడ్‌కి (ఇక్కడే చదువుతున్నారని కాలేజీ ఇచ్చే కాగితం) ఉత్తరం, మెమోలో తప్పుకి ఉత్తరం, బస్సు రూటు మార్చడానికీ ఉత్తరమే. అదీ ఇంగ్లిషులో. తెలుగు మీడియంలో చదువుకుని వచ్చిన పిల్లలు ఇక్కడే బెదిరిపోతారు. ఒకమ్మాయి సెలవు ఉత్తరం తెచ్చింది. ఇంగ్లిషు ముత్యాల్లా ఉంది. చదివితే, చెన్నైలో వాళ్ళ అక్క పెళ్ళట. "మీ అక్క పెళ్ళి చెన్నైలోనా?" అన్నాను. "నాకు అక్క లేదు మేడం, జ్వరం వచ్చింది. ఫోన్‌లో ఉన్నది చూసి రాశాను" అంది. కుర్చీ ఇచ్చి కూర్చోబెట్టి, నువ్వే రాయమన్నాను. 'నాకు జ్వరం. ఐదు రోజులు. మందుల బిల్లు జత చేశాను' అని విరిగిన ఇంగ్లిషులో మూడు ముక్కలు రాసింది. అదే ఆమోదమైంది. ఆ అమ్మాయి ఆఖరి ఏడాదిలో క్లాసు మొత్తానికీ ఉత్తరాలు రాసిపెట్టేది.

ఉత్తరంలో నాలుగే ఉండాలి. మీరెవరు: పేరు, నంబరు, బ్రాంచి, సెక్షన్. ఏం జరిగింది: తేదీలతో. మీకేం కావాలి: ఒక్క వాక్యంలో. ఏం జత చేశారు. పైన తేదీ, కింద సంతకం, ఫోన్ నంబరు. ప్రిన్సిపాల్‌కి రాసినా హెచ్‌ఓడీ (మీ బ్రాంచి పెద్ద) సంతకం ముందు కావాలి, 'త్రూ' అని రాసేది అందుకే. 'దయగల తమరి పాదపద్మములకు' తరహా పొగడ్త ఏ భాషలోనూ అక్కర్లేదు. ఈ సెలవుల్లో ఉత్తుత్తివి ఐదు రాసి చూసుకోండి, చేత్తోనే. ఇచ్చేటప్పుడు రెండు కాపీలు పెట్టుకుని, ఒకదాని మీద అందిందని రాయించుకోండి.

దీనికి ముందు మెట్టు మాట్లాడటం. అది ఇప్పుడే మొదలుపెట్టాలి. సచివాలయంలో ఆదాయం సర్టిఫికెట్, బ్యాంకులో డబ్బు వేయడం, పోస్టాఫీసులో స్పీడ్ పోస్ట్, బస్‌స్టాండులో రిజర్వేషన్, ఆధార్ సెంటర్. ఈ ఐదు పనులూ మీరే చేయండి, నాన్న ఇంట్లో ఉండగా. మొదటిరోజు మీ వెనక ఉన్నవాళ్ళు ముందుకి తోసుకుపోతారు. "నేను ముందు వచ్చానండీ" అని ఒకసారి అనడం నేర్చుకుంటే చాలు. అర్థం కాకపోతే "అండీ, మళ్ళీ ఒకసారి చెప్పండి" అనండి. కిటికీ ఇవతల కూర్చున్న నాలాంటివాళ్ళు ఒక్కోసారి విసుక్కుంటాం. ఆ విసుగు మీ మీద కాదు. పొద్దున్నుంచీ సర్వర్ పనిచేయదు, అదీ సంగతి.

హాస్టల్, డబ్బు

ఇందులో నాకు తెలిసింది తక్కువ, మేనల్లుడి వల్ల నేర్చుకున్నదే. అన్నయ్య ఒకటో తారీఖున మూడు వేలు పంపితే పదకొండో తారీఖుకి "అత్తా, ఒక ఐదొందలు" అని నాకు మెసేజ్ వచ్చేది. ఇప్పుడు ప్రతి సోమవారం ఏడొందలు పంపుతున్నాడు. మొత్తం తగ్గింది, మెసేజీలు ఆగాయి. బట్టలు ఉతుక్కోవడం, గుండీ కుట్టుకోవడం, అన్నం వండుకోవడం ఈ రెండు నెలల్లో అమ్మ దగ్గర నేర్చుకోండి, అబ్బాయిలు మరీను. స్కాలర్‌షిప్ పడింది, ఓటీపీ చెప్పమని ఫోన్ వస్తే పెట్టేయండి. ఏ ఆఫీసూ ఓటీపీ అడగదు. డబ్బు పోతే గంటలు గడవకముందే 1930కి ఫోన్ చేయాలి.

ర్యాగింగ్ మీద మన రాష్ట్రంలో 1997 నుంచే చట్టం ఉంది. చేరేటప్పుడు మీరూ, అమ్మానాన్నా ఇచ్చే యాంటీ ర్యాగింగ్ హామీ పత్రాన్ని చదవకుండా పెట్టేయకండి. రేపు సీనియర్లయ్యేది మీరే, అది మీకూ వర్తిస్తుంది. ఎవరైనా ఇబ్బంది పెడితే కాలేజీలో చెప్పండి. చెప్పడానికి భయమేస్తే 1800-180-5522, ఏ వేళైనా ఎత్తుతారు. దిగులుగా ఉండి ఎవరితోనూ చెప్పుకోలేకపోతే 14416 టెలీ మానస్, అక్కడ తెలుగులోనే మాట్లాడొచ్చు. మొదటి శనివారమే ఇంటికి పరుగెత్తకండి అని అందరూ అంటారు. నేనైతే వెళ్ళమనే అంటాను. వెళ్ళి ఆదివారం రాత్రికి వచ్చేయండి. సోమవారం ఉండిపోతే అది ఆ 22లోంచే పోతుంది.

ఇంకొక్కటి. ఒంటిగంట నుంచి రెండు దాకా మాకు భోజనాలు. ఒంటిగంటా ఐదుకి వచ్చి "ఒక్క సంతకమే మేడం" అనకండి. వచ్చేటప్పుడు పెన్ను తెచ్చుకోండి. కిటికీకి పురికొసతో కట్టిన పెన్ను ఈ ఏడాది ఇప్పటికి ఆరుసార్లు పోయింది. మొన్నయితే పురికొస కూడా పట్టుకుపోయారు.